రంగం బియ్యం తిన్న రెండు దేశాలు

ఈసారి బియ్యం కథ రాద్దామనుకున్నాం. వంటల కథ కాదు, ఓడల్లో వచ్చిన బియ్యం కథ.

గోదావరి, విశాఖ, శ్రీకాకుళం వైపు మూలాలున్న ఇళ్ళల్లో "రంగం" అన్న మాట పెద్దవాళ్ళ నోట వినే ఉంటారు. "ఫలానా వాళ్ళ తాత రంగం వెళ్ళి నాలుగు డబ్బులు సంపాదించాడు", "అది రంగం టేకు బీరువా" అంటుండేవారు. రంగం అంటే రంగూన్, ఇప్పటి యాంగోన్. మన మనుషులు అక్కడికి వెళ్ళారు, అక్కడి బియ్యం మన దగ్గరికి వచ్చింది. ఆ బియ్యమే సింహళానికీ వెళ్ళింది. అప్పట్లో సిలోను అనేవాళ్ళు, ఇప్పుడు శ్రీలంక.

రెండూ వరి పండించే దేశాలే. రెండు చోట్లా అన్నమే భోజనం. రెండూ బర్మా బియ్యం కొనుక్కు తిన్నాయి. 1942లో ఒక్కసారిగా ఆ బియ్యం ఆగిపోయింది. అప్పుడు సింహళం తినే బియ్యంలో మూడింట రెండు వంతులు బయటి నుంచి వచ్చేవే. మన దేశానికి అలా వచ్చేది తినేదాంట్లో చిన్న భాగం. మరి ఏ దేశంలో జనం ఎక్కువగా ఆకలితో చచ్చిపోయి ఉండాలి? లెక్క ప్రకారం సింహళంలో. జరిగింది మాత్రం తలకిందులు. ఎందుకలా జరిగిందో చూద్దామనే ఈ వ్యాసం. బెంగళూరులో మూడు తరాలుగా ఉంటూ, ఏనాడూ ఒక్క గింజ పండించకుండా, రోజూ అన్నం తింటున్న మా లాంటి కుటుంబాలకి ఈ కథ అనుకున్నంత దూరపుదేమీ కాదు.

కోరంగివాళ్ళు మోసిన బస్తాలు

1852లో ఇంగ్లీషువాళ్ళు దిగువ బర్మాని ఆక్రమించారు. మన వైపు ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందీ అదే సంవత్సరం. రెండు డెల్టాల తలరాతలూ దాదాపు ఒకేసారి మారాయన్నమాట. గోదావరి డెల్టాలో కాలవలు పారి పంట పెరిగింది. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి, చిత్తడి నేలలు బాగుచేసి కొత్తగా వరి వేశారు. 1869లో సూయజ్ కాలవ తెరిచాక బర్మా బియ్యం ఐరోపాకీ వెళ్ళింది. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసేది బర్మాయే.

ఆ బియ్యం వెనక మూడు రకాల మనుషులున్నారు. పొలం బర్మా రైతుది. అప్పు ఎక్కువగా తమిళ నాట్టుకోట్టై చెట్టియార్లది. మిల్లుల్లోనూ రేవుల్లోనూ రెక్కల కష్టం చాలావరకు మన తెలుగువాళ్ళది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి స్టీమరెక్కి వెళ్ళిన కూలీలని అక్కడ "కోరంగీలు" అనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరే ఒక జాతి పేరైపోయిందన్నమాట. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్ళు సుమారు లక్షన్నర. రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే.

అక్కడ బతుకు నల్లేరు మీద నడకేం కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ చోట బర్మావాళ్ళని పెట్టుకున్నాయి. తర్వాత సమ్మె తెగింది, పాతవాళ్ళని వెనక్కి పిలిచి బర్మావాళ్ళని పొమ్మన్నారు. దాంతో కొట్లాటలు మొదలై, వందకు పైగా ప్రాణాలు పోయాయి. పోయినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. మన ఇళ్ళల్లో "రంగం డబ్బు" గురించి చెప్పుకున్నంతగా ఈ సంగతి చెప్పుకోలేదు.

ఒక్క రాత్రిలో దిగుమతి అయిన బియ్యం

ఇక్కడ లెక్కల్లో ఒక తమాషా ఉంది. 1937 మార్చి 31 దాకా బర్మా మన దేశంలో ఒక భాగమే. మద్రాసు, బెంగాల్ ఎలాగో బర్మా కూడా అలాగే బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. రంగూన్ నుంచి కాకినాడకి బియ్యం వస్తే దాన్ని దిగుమతి అనేవాళ్ళు కాదు, ఒక తీరం నుంచి ఇంకో తీరానికి జరిగిన సరుకు రవాణా అనేవాళ్ళు. పుస్తకాల్లో చూస్తే ఇండియా బియ్యం ఎగుమతి చేసే దేశం. 1937 ఏప్రిల్ 1న బర్మాని విడదీశారు. అదే బియ్యం, అదే ఓడ, అదే రేవు. తెల్లారేసరికి అది దిగుమతి అయింది, ఇండియా బియ్యం కొనుక్కునే దేశమైంది.

సింహళం విషయం అలా కాదు. అది మొదటి నుంచీ వేరే వలస రాజ్యం. అక్కడ మంచి నేల కాఫీకీ, తర్వాత టీకీ, రబ్బరుకీ, కొబ్బరికీ పోయింది. టీ తోటల్లో పనికి తమిళనాడు నుంచి లక్షలమందిని తీసుకెళ్ళారు. వాళ్ళకి కూలీలో భాగంగా బియ్యం ఇవ్వాలి. టీ అమ్మి బియ్యం కొనడం ఆ దేశపు పద్ధతిగా స్థిరపడిపోయింది.

యుద్ధానికి ముందు బర్మా ఏటా 30 లక్షల టన్నులకు పైగా బియ్యం బయటికి పంపేది. అందులో సగం వరకు, అంటే 15 లక్షల టన్నుల పైచిలుకు, ఇండియాకి. సింహళం కొనుక్కునేది మొత్తం మీద సుమారు 5 లక్షల టన్నులు, అందులోనూ ఎక్కువ భాగం బర్మాదే. టన్నుల్లో చూస్తే మనమే పెద్ద గిరాకీ. తలసరి లెక్క వేస్తే బొమ్మ మారిపోతుంది. 1941లో అవిభక్త భారతదేశ జనాభా సుమారు 39 కోట్లు. మనిషికి ఏడాదికి 4 కిలోలు పడుతుంది. సింహళంలో అప్పటి జనాభా 60 లక్షల చిల్లర. మనిషికి 80 కిలోలు. మనకి అది నెలలో ఒకటి రెండు పూటల అన్నం. వాళ్ళకి రోజూ తినే పళ్ళెంలో సగానికి మించి.

సగటు లెక్క దేశమంతటికీ ఒకలా వర్తించదు. పంజాబు రైతు ఇంటికి బర్మా బియ్యంతో పనే లేదు. తిరువాన్కూరు, మలబారు, మద్రాసు వైపు పట్టణాలు మాత్రం దానిమీద బాగా ఆధారపడ్డాయి. బర్మా బియ్యం చవక కావడంతో పేదవాళ్ళే ఎక్కువగా కొనేవాళ్ళు. అది ఆగితే మొదట దెబ్బ తగిలేది ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

1942: నాలుగు రేవులు, ఒక నెల

1942 మార్చి 8న జపాన్ సైన్యం రంగూన్‌లో ప్రవేశించింది. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద బాంబులు పడ్డాయి. మర్నాడే, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా పడ్డాయి. నెల తిరిగేలోపు బియ్యం పంపే రేవు చేజారింది, బియ్యం దింపుకునే రేవులు దెబ్బతిన్నాయి. బర్మా నుంచి నాలుగైదు లక్షలమంది భారతీయులు పారిపోయి వచ్చారు. ఓడల్లో చోటు దొరకనివాళ్ళు అరకాన్ దారినీ, మణిపూర్ కొండల దారినీ నడిచారు. జ్వరాలతో, కలరాతో, ఆకలితో దారిలోనే వేలమంది పోయారు. ఏళ్ళ తరబడి బియ్యం బస్తాలు మోసినవాళ్ళు గుప్పెడు బియ్యం లేక పోయారంటే ఏమనాలి?

ఆ తర్వాత రెండు దేశాలూ రెండు దారులు పట్టాయి.

సింహళ ప్రభుత్వానికి తమ పరిస్థితి వెంటనే అర్థమైంది. మూడింట రెండు వంతులు బయటి బియ్యమే అయినప్పుడు కళ్ళు మూసుకు కూర్చోవడం కుదరదు. 1942లోనే రేషను పెట్టారు. కూపను పుస్తకం పట్నంవాళ్ళకే కాకుండా దేశమంతటికీ ఇచ్చారు. బియ్యం చాలకపోతే గోధుమ పిండి ఇచ్చారు. బియ్యం తిని పెరిగిన జనం రొట్టె తినడం నేర్చుకున్నారు. ఆ ఏడాది ఇండియా నుంచి కూడా కొంత బియ్యం సింహళానికి వెళ్ళింది. ఇక్కడే కొరతగా ఉంటే అక్కడికి పంపుతారా అని మన దగ్గర గొడవ కూడా అయింది. సింహళంలో జనం ఇబ్బంది పడ్డారు, రోగాలు పెరిగాయి, చావులూ కొంత పెరిగాయి. లక్షలమంది రోడ్ల మీద పడి చనిపోయే కరువు మాత్రం రాలేదు.

బెంగాల్‌లో వచ్చింది. 1943లో అక్కడ సుమారు 30 లక్షలమంది చనిపోయారని అంచనా. బెంగాల్ తన బియ్యంలో ఎక్కువ భాగం తానే పండించుకునేది. బర్మా బియ్యం ఆగినందుకే ఇంతమంది పోవాల్సిన పని లేదు. 1942 అక్టోబరులో మిడ్నాపూర్ తుపాను పంట పాడుచేసింది. జపాన్‌వాళ్ళ చేతికి చిక్కకూడదని ప్రభుత్వం పడవలు లాక్కుంది, తీర ప్రాంతాల బియ్యం ఎత్తేసింది. యుద్ధం ఖర్చుతో ధరలు ఆకాశాన్నంటాయి. మిగులు ఉన్న రాష్ట్రాలు తమ గింజ బయటికి పోకుండా గేట్లు వేశాయి. కలకత్తాలో ఫ్యాక్టరీల వాళ్ళకీ, సైన్యానికీ బియ్యం అందే ఏర్పాటు జరిగింది. పల్లెటూరి కూలీనీ, జాలరినీ పట్టించుకున్నవాళ్ళు లేరు. బియ్యం వాళ్ళ కళ్ళ ముందే ఉంది, కొనే శక్తి లేదు.

ఇంకో తేడా చాలామంది గమనించరు. సింహళంలో 1931 నుంచే ఆడా మగా అందరికీ ఓటు ఉంది. బ్రిటిష్‌వాళ్ళ కింద ఉన్నా, అక్కడి మంత్రులు మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళి ఓటడగాలి. బెంగాల్‌లో ఆస్తీ చదువూ ఉన్న కొద్దిమందికే ఓటు. 1943లో చనిపోయినవాళ్ళలో చాలామంది పేరు ఏ ఓటర్ల జాబితాలోనూ లేదు. సింహళం తినే గింజలో ఎక్కువ భాగానికి బయటివాళ్ళ మీద ఆధారపడింది. కానీ ఆ గింజ ఎవరి ఇంటికి ఎంత వెళ్ళాలన్నది రాసిపెట్టుకుంది. మన దగ్గర గింజ ఉంది. దాన్ని పేదవాడి ఇంటికి చేర్చే కాగితం లేదు.

బెంగళూరులో రవ్వ ఇడ్లీ

అప్పటి మైసూరు సంస్థానం ఈ దెబ్బని ఇంకో రకంగా తట్టుకుంది. ఇక్కడ పల్లెల్లో రాగి సంగటే భోజనం. 1911లో మొదలై రెండు దశాబ్దాలు సాగిన కృష్ణరాజసాగరం పని వల్ల మండ్య వైపు కాలవ కింద వరి వచ్చింది. కానీ బెంగళూరు నగరం పెరుగుదల ముందు అది చాలలేదు. 1940లో విమానాల కర్మాగారం వచ్చింది, కంటోన్మెంటు నిండా సైనికులు. 1941లో సుమారు 4 లక్షలున్న నగర జనాభా 1951కి దాదాపు రెట్టింపయింది.

లాల్‌బాగ్ దగ్గరున్న మావళ్ళి టిఫిన్ రూమ్స్, అదే మన ఎం.టి.ఆర్., 1924లో మొదలైన హోటలు. యుద్ధం రోజుల్లో ఇడ్లీకి బియ్యం దొరక్క, బొంబాయి రవ్వతో ప్రయత్నించి రవ్వ ఇడ్లీ కనిపెట్టామని వాళ్ళు చెప్పుకుంటారు. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే క్యూలో నిలబడి, జీడిపప్పు పెట్టిన రవ్వ ఇడ్లీ నేతితో తింటున్నామంటే దాని వెనక రంగూన్ పతనం ఉందన్నమాట. సింహళంలో రొట్టె, తిరువాన్కూరులో కర్రపెండలం, బెంగళూరులో రవ్వ ఇడ్లీ. మూడూ ఆగిపోయిన బర్మా ఓడలకి జవాబులే.

స్వతంత్రం వచ్చాక

స్వతంత్రం వచ్చాక రెండు ప్రభుత్వాలకీ మొదటి తలనొప్పి బియ్యమే. మద్రాసు రాష్ట్రంలో 1952 జూన్‌లో రాజాజీ బియ్యం రేషను ఎత్తేశారు. ఆంధ్ర జిల్లాలు అప్పటికి ఇంకా మద్రాసులోనే ఉన్నాయి. ధరలు పేలిపోతాయని అందరూ భయపడ్డారు. ఆయన పంతం నెగ్గింది, దాచిన బియ్యం బయటికొచ్చింది. సింహళంలో సరిగ్గా ఏడాది తర్వాత దీనికి వ్యతిరేకంగా జరిగింది. ప్రభుత్వం తక్కువ ధరకిచ్చే రేషను బియ్యం కొలత ధరని 25 సెంట్ల నుంచి 70 సెంట్లకి పెంచింది. కొలత అంటే మన సేరు, మానిక లాంటిది, సుమారు రెండు పౌన్లు తూగుతుంది. 1953 ఆగస్టు 12న దేశమంతా హర్తాళ్. రైళ్ళు ఆగాయి, కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. ప్రధాని డడ్లీ సేనానాయకే ఆ అక్టోబరులో రాజీనామా చేశాడు. బియ్యం ధర మీద ఒక ప్రధాని దిగిపోయిన దేశం అది. ఆ తర్వాత పాతికేళ్ళు అక్కడ ఏ పార్టీ అయినా బియ్యం కొలత పట్టుకునే ఓటడిగింది.

బియ్యం ఎక్కడి నుంచి తేవాలన్న దాంట్లో కూడా దారులు వేరయ్యాయి. సింహళం 1952 చివర్లో చైనాతో ఒప్పందం చేసుకుంది. ఏటా 2 లక్షల 70 వేల టన్నుల బియ్యం తీసుకుని 50 వేల టన్నుల రబ్బరు ఇవ్వాలి. అమెరికాకి ఈ బేరం రుచించలేదు, అయినా సింహళం వెనక్కి తగ్గలేదు. మనం 1954లో పాత అంగడికే వెళ్ళి, బర్మా నుంచి 9 లక్షల టన్నులు కొన్నాం. తర్వాత 1956లో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందం కుదిరింది. దాంతో గోధుమలు విపరీతంగా వచ్చాయి, బియ్యం కొద్దిగానే వచ్చింది. దక్షిణాది ఇళ్ళల్లో చపాతీ ఒక పూట భోజనంగా కుదురుకోవడానికి రేషను షాపులో దొరికిన గోధుమ కూడా ఒక కారణం.

ఈ మధ్యలో బర్మాయే చితికిపోయింది. 1962లో నే విన్ సైన్యం అధికారం పట్టుకుంది. వ్యాపారం, మిల్లులు జాతీయం చేసింది. సుమారు మూడు లక్షలమంది భారతీయులు చేతిలో చిల్లిగవ్వ లేకుండా వెనక్కొచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అన్న పేట అలా వచ్చిందే. ప్రపంచానికి అన్నం పెట్టిన రేవు తన ఎగుమతులని తానే పోగొట్టుకుంది.

మన దేశంలోనే దిగుమతి

బెంగళూరు తెలుగు కుటుంబాలకి ఇంకో సరిహద్దు కూడా అనుభవంలోకి వచ్చింది. 1957లో కేంద్రం ఆంధ్రప్రదేశ్, మద్రాసు, మైసూరు, కేరళలని కలిపి దక్షిణ బియ్యం మండలం చేసింది. ఈ నాలుగింటి మధ్య బియ్యం తిరగొచ్చు. 1964లో దాన్ని విడగొట్టి రాష్ట్రానికొక మండలం చేశారు. ఇక సొంత పొలంలో పండిన బియ్యమే అయినా హద్దు దాటించాలంటే పర్మిటు కావాలి. మా మామ్మ కోనసీమ నుంచి వచ్చేటప్పుడు పరుపుచుట్టలో దిండు గలీబుల నిండా బియ్యం పోసుకుని తెచ్చేదట. చెక్‌పోస్టు దాటేదాకా ఆవిడ ఊపిరి బిగబట్టి కూర్చునేదని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. అప్పట్లో అది నవ్వులాట కాదు. ఇక్కడ రేషనులో ఇచ్చే ముతక బియ్యంతో నెల గడవదు, అక్కడ గాదె నిండా ధాన్యం. మధ్యలో ఒక గేటు. 1943లో రాష్ట్రాలు వేసిన గేట్లకి ఇది చిన్న తమ్ముడే.

1965, 66 కరువుల్లో అమెరికా ఓడల వంక చూస్తూ బతికాం. అదే 1966 నవంబరులో ఫిలిప్పీన్స్ లోని పరిశోధన కేంద్రం ఐ.ఆర్. 8 వంగడం విడుదల చేసింది. దాన్ని మన దేశంలో మొదట వేసినవాళ్ళలో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఒకరు. 1967లో ఆయన పొలంలో వచ్చిన దిగుబడి చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. ఆయన్ని "మిస్టర్ ఐ.ఆర్. 8" అనే పిలిచారు. దిగుబడి బ్రహ్మాండం, అన్నం మాత్రం మనవాళ్ళ నోటికి ఎక్కలేదు.

రుచి ఇంకో దారిన వచ్చింది. 1950లలో కటక్ కేంద్రంగా జపాను వరినీ మన ఆసియా వరినీ సంకరం చేసే పథకం ఒకటి నడిచింది. అందులోంచి మలేసియాలో 1965లో మహ్‌సూరి అనే రకం విడుదలైంది. మహ్‌సూరి అక్కడి లంకావి దీవి కథల్లో ఒక స్త్రీ పేరు. ఆ రకం ఆంధ్రకి వచ్చి మసూరి అయింది. దాంతో సంకరం చేసి సోనా మసూరి తీశారు. బాపట్ల కేంద్రం 1986లో బి.పి.టి. 5204, అదే సాంబ మసూరి, ఇచ్చింది. ఈ సన్నబియ్యాలు తుంగభద్ర కాలవల కింద గంగావతి, సింధనూరు వైపు పరుచుకున్నాయి. 1953లో నీళ్ళు నిలిపిన ఆ ఆనకట్ట కింద వరి పెట్టడానికి కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు పొలాలు అమ్ముకుని వెళ్ళారు. వాళ్ళ ఊళ్ళని ఇప్పటికీ "క్యాంపులు" అంటారు. ఈ రోజు బెంగళూరులో మనం కొనే సోనా మసూరి బస్తాలో చాలావరకు అక్కడిదే. ఒకప్పుడు తెలుగువాళ్ళు బియ్యం మొయ్యడానికి సముద్రం దాటారు. తర్వాత బియ్యం పండించడానికి జిల్లా దాటారు.

1970లు ముగిసేసరికి ఇండియాకి బియ్యం దిగుమతి దాదాపు ఆగిపోయింది.

సింహళం ఎలా గట్టెక్కింది, ఎలా జారింది

శ్రీలంక కూడా ఊరుకోలేదు. బతలగొడ కేంద్రంలో సొంత వంగడాలు తీశారు. 1966లో రేషనుని రెండు కొలతల నుంచి ఒకటికి తగ్గించి, ఆ ఒక్కటి ఉచితంగా ఇచ్చారు. రెండో కొలత తిరిగి ఇస్తామన్న మాట మీద 1970లో సిరిమావో బండారనాయకే గెలిచింది. 1977 తర్వాత మహవేలి నది మీద పనులు ఊపందుకున్నాయి. అందరికీ ఇచ్చే రేషను పోయి, 1979లో పేదవాళ్ళకి మాత్రం ఆహార స్టాంపులు వచ్చాయి. స్వతంత్రం నాటికి సగానికి మించి కొనుక్కు తిన్న దేశం, 2010 ప్రాంతానికి మంచి వానల ఏడాదిలో తన బియ్యం తానే పండించుకునే స్థితికి చేరింది. ఇది మామూలు విజయం కాదు.

2021లో ఒక్క నిర్ణయంతో అది కూలింది. రసాయన ఎరువుల దిగుమతిని ప్రభుత్వం రాత్రికి రాత్రి ఆపేసింది. నవంబరుకల్లా నిషేధం ఎత్తేసినా అప్పటికే ఆలస్యమైంది. ఆ మహా పంట, అంటే అక్కడి పెద్ద పంట, మూడో వంతుకు పైగా తగ్గింది. విదేశీ డబ్బు కూడా అయిపోయింది. 2022 ఏప్రిల్‌లో సింహళ, తమిళ సంవత్సరాదికి ముందు ఇండియా అప్పు మీద పంపిన 11 వేల టన్నుల బియ్యం కొలంబో రేవులో దిగింది. ఎనభై ఏళ్ళ కింద అదే ఏప్రిల్‌లో ఆ రేవు మీద బాంబులు పడ్డాయి. జూలైలో జనం అధ్యక్షుడి భవనంలోకి జొరబడ్డారు, ఆయన దేశం విడిచాడు. 2024 డిసెంబరులో కొత్త ప్రభుత్వం కూడా మళ్ళీ బియ్యం దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడు గేటు మన చేతిలో

2011-12 నుంచి ఇండియాయే ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద బియ్యం ఎగుమతిదారు. ఏటా 2 కోట్ల టన్నులకు పైగా పంపిన సంవత్సరాలున్నాయి. ప్రపంచ వ్యాపారంలో అది సుమారు 40 శాతం. బర్మా తన మహర్దశలో పంపిన దానికి ఆరేడు రెట్లు. ఒకప్పుడు రంగం బియ్యం దింపుకున్న కాకినాడ ఇప్పుడు పశ్చిమాఫ్రికాకి ఉప్పుడు బియ్యం ఎక్కించే రేవు. 2023 జూలై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది, 2024 సెప్టెంబరు చివర్లో గాని ఎత్తెయ్యలేదు. ఆ పధ్నాలుగు నెలలు మనకి పత్రికలో ఒక వార్త. ఆ బియ్యమే కొనుక్కు తినే దేశాల్లో పేదవాళ్ళకి అది చిన్న 1942. ఇది మనం మర్చిపోకూడదనే ఇంత రాశాం.

అదే 2023లో, బెంగళూరులోనే, ఇంకో సంగతి జరిగింది. అన్నభాగ్య కింద ఒక్కొక్కరికి పది కిలోల బియ్యం ఇస్తామని కర్ణాటక ప్రభుత్వం మాట ఇచ్చింది. అదనంగా కావలసిన బియ్యం డబ్బులిచ్చి కొంటామన్నా కేంద్రం గిడ్డంగుల నుంచి ఇవ్వలేదు. చివరికి అయిదు కిలోల బదులు కిలోకి 34 రూపాయల చొప్పున మనిషికి 170 రూపాయలు ఖాతాలో వేశారు. 2025లో మళ్ళీ బియ్యమే ఇవ్వడం మొదలుపెట్టారు. దేశం గాదెలు నిండే ఉన్నాయి. ఒక రాష్ట్రం సంచి పట్టుకుని నిలబడింది. ఎవరిది తప్పు అని ఇక్కడ వాదించడం లేదు. రెండు దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకి మాత్రం ఈ బొమ్మ ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది.

మా ఇంటి సంగతి చూస్తే, మేమూ ఒక చిన్న సింహళమే. బెంగళూరు అపార్టుమెంటులో గాదె లేదు, పొలం లేదు. బియ్యం డబ్బా నిండేది గంగావతి నుంచో, ఊళ్ళో చిన్నాన్నగారు పంపే బస్తా నుంచో. డబ్బా ఖాళీ కానంతవరకు ఆ సంగతి గుర్తురాదు. 1942లో సింహళంలో పేదవాణ్ణి కాపాడింది కూపను పుస్తకంలో రాసిన అతని పేరు. అందుకే రేషను కార్డు మాట వస్తే "అది మనకెందుకులే" అని మా పిల్లలు అన్నప్పుడు ఈ కథ చెబుతుంటాం.

మీ ఇళ్ళల్లో రంగం నుంచి నడిచి వచ్చినవాళ్ళ మాటలు ఎవరికైనా గుర్తుంటే రాసి పెట్టండి. పాత రేషను కార్డులు, పర్మిటు కాగితాలు, స్టీమరు టిక్కెట్లు ట్రంకు పెట్టెల అడుగున ఉంటే పారెయ్యకండి. టన్నుల లెక్కలు ప్రభుత్వ పుస్తకాల్లో దొరుకుతాయి. దిండు గలీబులో వచ్చిన బియ్యం లెక్క మాత్రం మన దగ్గరే ఉంది.